"ద మైండ్ బాగుల్స్" అంటే ఆశ్చర్యపోవడమేనా? తెలుగులో ఏమనాలి, ఇంగ్లీషులో ఎలా వాడాలి?

అక్షరతూలిక (ప్రశ్న):

ఒక సైన్సు వ్యాసాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తుంటే ఒక క్రియ దగ్గర పని ఆగింది. 52 పేకముక్కల్ని ఎన్ని వరసల్లో పేర్చవచ్చో వ్యాసంలో లెక్క చెప్పారు. ఆ సంఖ్యలో 68 అంకెలున్నాయి. విశ్వం పుట్టి సుమారు 1,380 కోట్ల ఏళ్ళు అనుకుంటే, అప్పటినుంచి సెకనుకో వరస చొప్పున పేర్చుకుంటూ వచ్చినా ఇప్పటికి అయ్యేవి 18 అంకెల సంఖ్య దాటవు. ఇంత చెప్పి, పేరా చివర ఒక చిన్న వాక్యంతో వదిలేశారు: "ద మైండ్ బాగుల్స్."

నిఘంటువు తీస్తే బాగుల్ ఎదురుగా "ఆశ్చర్యపోవు", "జంకు", "తడబడి పని పాడుచేయు" అని మూడు అర్థాలు కనిపిస్తున్నాయి. ఈ మూడింటికీ పొత్తు ఎక్కడ కుదిరిందో తెలియడం లేదు. "మనసు ఆశ్చర్యపోతుంది" అని రాస్తే చప్పగా ఉంది, పైగా తెలుగులో అలా ఎవరూ అనరు.

ఇంకో చిక్కు. అదే వ్యాసంలో కింద "ఇట్ బాగుల్స్ ద మైండ్" అని ఉంది. ఒకచోట మనసు కర్త, ఇంకోచోట మనసే కర్మ. రెండూ ఒప్పేనా? నేను సొంతంగా ఇంగ్లీషులో రాయాల్సి వస్తే "ఐ యామ్ బాగుల్డ్" అనొచ్చా? సర్‌ప్రైజ్, అమేజ్, అస్టానిష్ ఉండగా దీన్ని ఎక్కడ వాడతారు?

పదమూలం (జవాబు):

మూడు అర్థాలకూ పొత్తు గుర్రం దగ్గర కుదురుతుంది. 16వ శతాబ్దం చివరలో ఈ క్రియ ఇంగ్లీషులో కనబడేటప్పటికి దాని కర్త గుర్రమే. దారిలో నీడో, గాలికి ఎగిరే గుడ్డపేలికో చూసి గుర్రం ఉలిక్కిపడి, ముందుకు అడుగు వేయనంటే ఆ పనిని బాగుల్ అన్నారు. స్కాట్లండులోనూ ఉత్తర ఇంగ్లండులోనూ దెయ్యాన్ని "బోగుల్" అనేవారు. క్రియ ఆ నామవాచకం నుంచే వచ్చి ఉంటుందని నిఘంటుకారులు భావిస్తారు. మనిషికి కనబడని దెయ్యం గుర్రానికి కనబడుతుందని ఒకప్పటి నమ్మకం. పిల్లల్ని భయపెట్టే "బోగీమ్యాన్" కూడా ఈ కుటుంబంలోదే అంటారు.

17వ శతాబ్దానికి క్రియ గుర్రాన్ని వదిలి మనిషిని పట్టుకుంది. ఒక పని చేయబోయి, ఏదో శంక కలిగి, అక్కడే ఆగిపోవడం. మీ నిఘంటువులోని "జంకు" ఇదే. బెదిరిన గుర్రం సరిగ్గా నడవదు కదా, ఆ దారిలోనే "తడబడి పని పాడుచేయు" వచ్చింది. ఇది ఇప్పుడు దాదాపు వాడుకలో లేదు, మీరు పట్టించుకోనక్కర్లేదు.

20వ శతాబ్దం నడిమి నుంచి మనసును కర్తగా పెట్టడం బాగా ప్రచారంలోకి వచ్చింది. అంటే గుర్రం మళ్ళీ వచ్చింది, ఈసారి పేరు "మైండ్". ఊహ పరుగెత్తుకుంటూ వచ్చి 68 అంకెల ముందు ఆగిపోయింది. కాబట్టి ఈ మాటకు గుండెకాయ ఆశ్చర్యం కాదు, ఆగిపోవడం. మనసు ఒక విషయాన్ని పట్టుకోబోయి పట్టు చిక్కక నిలిచిపోతే అక్కడ బాగుల్ వాడతారు. అనుకోకుండా ఒక స్నేహితుడు తలుపు తడితే సర్‌ప్రైజే గాని బాగుల్ కాదు. అక్కడ మనసుకు అర్థంకానిది ఏమీ లేదు.

తెలుగులో "బెదరు" దీనికి దగ్గరి చుట్టం. ఎద్దు బెదిరింది, గుర్రం బెదిరింది అంటాం. ఆ బొమ్మ మనసులో పెట్టుకుంటే అర్థం తప్పదు.

వ్యాకర్త (జవాబు):

చరిత్ర పైన వచ్చేసింది కనుక వాక్యనిర్మాణం చూద్దాం. బాగుల్‌కు వాడుకలో మూడు మూసలున్నాయి.

మనసు కర్తగా ఉండేది మొదటిది: "ద మైండ్ బాగుల్స్." ఇక్కడ కర్మ ఉండదు. దేన్ని చూసి అని చెప్పాలంటే "ఎట్" చేర్చాలి: "ద మైండ్ బాగుల్స్ ఎట్ ద నంబర్." ఆ చోట "ఆన్", "ఫర్", "అబౌట్" పెడితే కుదరదు. "ద మైండ్" అంటే ఎవరి మనసైనా అని, "మై మైండ్" అంటే నా మనసు అని. వ్యాసాల్లో మొదటిదే ఎక్కువ కనిపిస్తుంది.

విషయం కర్త, మనసు కర్మ అయ్యేది రెండోది: "ద నంబర్ బాగుల్స్ ద మైండ్." కర్త పొడుగాటి ఉపవాక్యమైతే దాన్ని వెనక్కి నెట్టి ముందు "ఇట్" నిలబెడతారు: "ఇట్ బాగుల్స్ ద మైండ్ దట్ నోబడీ చెక్డ్." ఈ "ఇట్" ఉత్త దిష్టిబొమ్మ. తెలుగులో దానికి "అది" అని రాయకండి. "ఎవరూ సరిచూడలేదంటే బుర్రకెక్కడం లేదు" అంటే చాలు.

మూడోదాంట్లో మనిషే కర్త: "హి బాగుల్డ్ ఎట్ ద ప్రైస్." ఇది పాత "జంకు" అర్థం, ఇప్పటికీ బతికే ఉంది. ధర విని నోరు తెరిచాడని కాదు, వెనకడుగు వేశాడని. అనువాదాల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. వాక్యంలో "మైండ్" లేకుండా మనిషి కర్తగా ఉండి "ఎట్" కనిపిస్తే ముందు "వెనకాడాడు" పెట్టి చదవండి. అది నప్పకపోతేనే ఆశ్చర్యం వైపు వెళ్ళండి.

ఒకే క్రియ రెండు వైపులా ఎలా అని అడిగారు. ఇంగ్లీషులో "ఓపెన్", "బ్రేక్" లాంటివి ఇలాగే నడుస్తాయి. మనం "తెరుచుకుంది, తెరిచాడు", "విరిగింది, విరిచాడు" అని రూపం మారుస్తాం. వాళ్ళు ఒకే రూపంతో సరిపెట్టుకుంటారు. బాగుల్‌లో "బెదరు", "బెదిరించు" రెండూ ఇమిడి ఉన్నాయనుకోండి.

సర్‌ప్రైజ్, అమేజ్, అస్టానిష్, అస్టౌండ్, స్టన్ అలా కావు. వాటికి ఎప్పుడూ కారణమే కర్త: "ద న్యూస్ సర్‌ప్రైజ్డ్ మి." మనిషిని కర్తస్థానంలో కూర్చోబెట్టాలంటే "వాజ్" తప్పనిసరి: "ఐ వాజ్ సర్‌ప్రైజ్డ్." తెలుగులో "నేను ఆశ్చర్యపోయాను" అనే వాక్యంలో అలాంటి సహాయక క్రియ ఏదీ లేదు కాబట్టి మనవాళ్ళ చేతిలో "ఐ సర్‌ప్రైజ్డ్" అని పడిపోతుంది. అది విన్నవాడు "ఎవర్ని?" అని ఎదురుచూస్తూ ఉంటాడు. "ఐ యామ్ సర్‌ప్రైజింగ్" ఇంకా నష్టం: నేను ఇతరులను ఆశ్చర్యపరిచే మనిషిని అని అర్థం వస్తుంది.

మార్వెల్ పూర్తిగా తిరగబడ్డ క్రియ. దానికి మనిషే కర్త, "ఎట్" కావాలి: "ఐ మార్వెల్డ్ ఎట్ ద బ్రిడ్జ్." "ద బ్రిడ్జ్ మార్వెల్డ్ మి", "ఐ వాజ్ మార్వెల్డ్" రెండూ తప్పే. "అబ్బురపడు"తో జత కలిపి గుర్తుపెట్టుకుంటే పొరపాటు రాదు, రెండింటికీ మనిషే కర్త.

"ఐ యామ్ బాగుల్డ్" మాత్రం రాయవద్దు, అది తప్పు.

చిత్తుప్రతి (జవాబు):

ఉచ్చారణ, వర్ణక్రమం గురించి ఒక మాట. ఈ క్రియలో జి రెండుసార్లు వస్తుంది. ఒకే జి రాస్తే అది పైన చెప్పిన స్కాటిష్ దెయ్యం, దాన్ని "బోగుల్" అని దీర్ఘంగా పలుకుతారు. క్రియలో మొదటి అచ్చు "డాగ్", "లాగ్"లో ఉన్నదే. చివర "గుల్"లో ఉకారం చాలా తేలిక, గ, ల కలిసిపోయినట్టు వినిపిస్తుంది. "ఇంగ్" చేరినప్పుడు "బాగ్లింగ్" అని రెండు ముక్కల్లో తేలిపోతుంది. విశేషణంగా నామవాచకం ముందు వాడేటప్పుడు "మైండ్" తర్వాత చిన్న గీత పెట్టడం మరవద్దు.

గాగుల్ అనే ఇంకో క్రియ ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు. గాగుల్ అంటే కళ్ళు ఇంతలు చేసుకుని చూడటం. కళ్ళు గాగుల్ అవుతాయి, మనసు బాగుల్ అవుతుంది. కంటికి కట్టుకునే గాగుల్స్ తెలిసినవాళ్ళు ఈ రెండింటినీ కలిపేయరు.

నిఘంటుపురుగు (జవాబు):

వ్యాకర్త గారి చివరి వాక్యంతో నాకు పేచీ ఉంది. "ఐ వాజ్ బాగుల్డ్ బై ఇట్" అని మాటల్లోనూ, తేలిక రాతల్లోనూ అంటూనే ఉన్నారు. విషయం కర్తగా ఉండే మూస సకర్మకమే కాబట్టి దానికి కర్మణి రూపం రావడంలో వ్యాకరణదోషం ఏమీ లేదు. "మై మైండ్ వాజ్ బాగుల్డ్" అంటే ఇంకా నిక్షేపంగా ఉంటుంది. తప్పు అనకుండా "లాంఛనమైన రాతలో వద్దు" అంటే సరిపోయేది. నిజంగా తప్పంటే "ఐ బాగుల్డ్ మై మైండ్" లాంటిది, ఎవరి మనసును వాళ్ళే బెదిరించుకున్నట్టు. "ద మైండ్ ఈజ్ బాగ్లింగ్" కూడా చాలా అరుదు. సాధారణ వర్తమానమే ఇక్కడ అలవాటు.

ఇక తోటి మాటల సంగతి. ఇవన్నీ తక్కువ ఆశ్చర్యం, ఎక్కువ ఆశ్చర్యం అని ఒక నిచ్చెన మెట్లలా నేర్పిస్తారు. అది సగమే నిజం. ప్రతి మాటకూ దాని పుట్టుక వాసన ఉంటుంది, తేడా అక్కడ దొరుకుతుంది.

సర్‌ప్రైజ్ ఫ్రెంచి నుంచి వచ్చింది. మొదట్లో దాని అర్థం ఆదమరిచి ఉన్నవాడి మీద పడి పట్టుకోవడం. అందుకే ఇప్పటికీ దానికి కావలసింది "అనుకోకపోవడం" ఒక్కటే. విషయం చిన్నదైనా పెద్దదైనా, మంచిదైనా చెడ్డదైనా ఫరవాలేదు. అస్టానిష్, అస్టౌండ్, స్టన్ మూడింటికీ మూలం ఉరుము అనే లాటిన్ మాట అంటారు. మనం "పిడుగు పడ్డట్టు" అనే చోట అవి ఇముడుతాయి. అమేజ్ పాత ఇంగ్లీషు మాట, మొదట దిమ్మెక్కించడం, మతి చెదరగొట్టడం అనే అర్థం. దారి తెలియని చిక్కుదోవను "మేజ్" అనడం దీని చలవే. ఇప్పుడు మెప్పు వైపు జరిగిపోయింది. స్టార్టుల్ ఒంటికి సంబంధించినది: ఉలికిపాటు. అది క్షణంలో పుట్టి క్షణంలో పోతుంది, దానికి బుద్ధితో పనిలేదు. స్టాగర్ అంటే తూలడం, కాబట్టి పెద్ద పెద్ద అంకెలకు, ఖర్చులకు నప్పుతుంది. ఫ్లాబర్‌గాస్ట్ 1772లో కొత్త ఫ్యాషన్ మాటగా అచ్చులో నమోదైంది, పుట్టుక ఇదీ అని తేలలేదు. నోరు పడిపోయిన స్థితిని కాస్త సరదాగా చెప్పడానికి వాడతారు. సంతాప సందేశంలో రాస్తే అభాసు.

సర్‌ప్రైజ్‌కీ అస్టానిష్‌కీ తేడా చెప్పే ఒక పాత పిట్టకథ ఉంది. ఒక నిఘంటుకర్త పనిమనిషిని ముద్దు పెట్టుకుంటుండగా భార్య వచ్చి "ఐ యామ్ సర్‌ప్రైజ్డ్" అందట. "కాదమ్మా, నువ్వు అస్టానిష్డ్, సర్‌ప్రైజ్డ్ నేను" అన్నాడట ఆయన. ఒక్కొక్కరు ఒక్కో నిఘంటుకర్త మీద రుద్దే కట్టుకథ ఇది, నమ్మకండి. కానీ పాఠం అందులో ఉంది: దొరికిపోయినవాడు సర్‌ప్రైజ్డ్, విస్తుపోయినది ఆవిడ.

"వండర్"తో జాగ్రత్త. "ఐ వండర్ ఇఫ్" అంటే ఆశ్చర్యం కాదు, "ఏమో, అవునో కాదో" అనే ఆలోచన. ఆశ్చర్యం కావాలంటే "వండర్ ఎట్" అనాలి, అది గ్రాంథికపు వాసన కొడుతుంది.

"వెరీ" గురించి కూడా చెప్పాలి. "వెరీ సర్‌ప్రైజ్డ్" బాగుంటుంది. "వెరీ అస్టౌండెడ్", "వెరీ మైండ్-బాగ్లింగ్" నప్పవు, ఎందుకంటే ఆ మాటలు ఇప్పటికే అంచు మీద ఉన్నాయి. వాటి ముందు "అబ్సొల్యూట్లీ", "ట్రూలీ" పెట్టండి. బాగుల్ నుంచి క్రియావిశేషణం కూడా వచ్చింది: "మైండ్-బాగ్లింగ్లీ కాంప్లెక్స్". దాన్ని ఇంకో విశేషణం ముందే వాడతారు.

అక్షరతూలిక:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. అయితే వ్యాసంలో ఈ మాట ఇంకా మూడుచోట్ల ఉంది. ఆ వాక్యాలు ఇస్తున్నాను, ఒక్కోదానికి ఏం వాడాలో చెప్పగలరా?

ఒకటి: "ఈవెన్ ద బ్యాంకర్స్ బాగుల్డ్ ఎట్ ద రిస్క్."

రెండు: ఎవరో ఒకాయన చేత్తో ఈ వరసలన్నీ రాస్తానన్నాడని చెప్పి, "వాట్ హిస్ వైఫ్ సెడ్, ద మైండ్ బాగుల్స్."

మూడు: "ఎ మైండ్-బాగ్లింగ్ అమౌంట్ ఆఫ్ పేపర్."

మొదట అడిగిన వాక్యానికి "మైండ్ బ్లాక్ అవుతుంది" అని పెడదామనుకుంటున్నాను. అందరికీ అర్థమయ్యే మాట కదా?

రెండుభాషలు (జవాబు):

"మైండ్ బ్లాక్" వద్దు. తెలుగు వాడుకలో దానికి బలం ఉంది, కాదనను. కానీ అది ఒక్కసారిగా తగిలిన దెబ్బకు బుర్ర పనిచేయకపోవడం. మీ వాక్యంలో దెబ్బ లేదు, లెక్క ఉంది. పైగా తెలుగు పాఠకుడికి సినిమా హాలు గుర్తొస్తుంది, సైన్సు వ్యాసం గొంతు మారిపోతుంది. ఇంగ్లీషులోకి తిరిగి వెళ్ళేటప్పుడు ఇంకో ప్రమాదం: అక్కడ "మెంటల్ బ్లాక్" అంటే తెలిసినది గుర్తుకు రాకపోవడం, లేదా ఒక పని చేయబోతే మనసు అడ్డం తిరగడం. ఆశ్చర్యంతో దానికి పనిలేదు.

ఇలాంటి జంటలు ఇంకా రెండున్నాయి. "మైండ్-బ్లోయింగ్" అంటే అదిరిపోయింది అనే మెప్పు. పాట బాగుంటే అంటారు, పన్నుల పట్టికను అనరు. "మైండ్-నమ్మింగ్" అంటే విసుగుతో బుర్ర మొద్దుబారడం, అందులో ఆశ్చర్యం చుక్క కూడా లేదు. మీ మూడో వాక్యం అనువాదంలో ఈ పొరపాటు దొర్లితే "విసుగు పుట్టించేంత కాగితం" అయిపోతుంది.

ఇక మీ వాక్యాలు. మొదటిదాంట్లో కర్త మనుషులు, "ఎట్" ఉంది, "మైండ్" లేదు. కాబట్టి "చివరికి బ్యాంకర్లు కూడా ఆ రిస్కు చూసి జంకారు." ఆశ్చర్యపోయారు అంటే కథే మారిపోతుంది. డబ్బు ఇచ్చారో లేదో అన్న సంగతి ఆ క్రియలోనే ఉంది.

రెండోది వ్యంగ్యం. బ్రిటిష్ ఇంగ్లీషులో "ద మైండ్ బాగుల్స్" అని విడిగా, వాక్యం చివర తోకలా పడేయడం అలవాటు. "ఊహించుకోండి, నేను చెప్పను" అని కన్ను గీటడం అన్నమాట. ఇక్కడ మనసునూ బుర్రనూ తేవాల్సిన పనే లేదు. "ఆయన భార్య ఏమందో, ఇక మీరే ఊహించుకోండి" అంటే గొంతు సరిగ్గా పలుకుతుంది. "ఊహకే వదిలేద్దాం" అన్నా సరే. దీనికి "దిగ్భ్రాంతి" పెట్టారంటే జోకు చచ్చిపోతుంది. అసలు "దిగ్భ్రాంతి"ని పత్రికలు దుర్వార్తలకు అంకితం చేసేశాయి, ఈ వ్యాసంలో ఎక్కడా ముట్టుకోకండి.

మూడోదానికి "ఊహకందనంత కాగితం". "నమ్మశక్యం కానంత" కూడా రాయొచ్చు గానీ, నమ్మకపోవడం వేరు, ఊహకు అందకపోవడం వేరు. ఆ కాగితం లెక్క నిజమేనని పాఠకుడు నమ్ముతాడు. బొమ్మ కట్టుకోలేడు, అంతే.

మొదట అడిగిన వాక్యానికి వస్తాను. పదమూలం గారు "బెదరు" అన్నారు. అర్థం తెలుసుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది, వాక్యంలో పెట్టడానికి మాత్రం కాదు. "మనసు బెదురుతుంది" అంటే భయం ఒక్కటే మిగులుతుంది. 68 అంకెల సంఖ్యకు ఎవరూ భయపడరు. ఆగిపోవడం కావాలి, అదీ ఎంత అదిలించినా కదలకుండా. దానికి మనకు "మొరాయించు" ఉంది. బండిని లాగనని గుర్రం మొరాయిస్తుంది, చలికి ఇంజను మొరాయిస్తుంది. ఆశ్చర్యం అనే మాట వాక్యంలో లేకపోయినా పాఠకుడికి అందుతుంది, ఎందుకంటే ముందు పేరాలోని లెక్కే ఆ పని చేసేసింది.

కర్తగా "మనసు" కన్నా "ఊహ" నయం. తెలుగులో మనసు ఎక్కువగా ఇష్టాయిష్టాల తావు. మనసు మొరాయించింది అంటే ఇష్టం లేదని అర్థం రావచ్చు. అంకెల్ని బొమ్మకట్టే పని ఊహది.

వాక్యం పొట్టిగానే ఉంచండి, మూలంలో ఉన్నట్టు. లెక్క అంతా అయ్యాక పేరా చివర "ఇక్కడ ఊహ మొరాయిస్తుంది" అని ఆపేయండి.

వ్యాకర్త:

నిఘంటుపురుగు గారి సవరణ ఒప్పుకుంటున్నాను, "తప్పు" అనడం అతి అయింది. రెండుభాషలు గారి "మొరాయించు"కు ఒక్క షరతు: అదే వ్యాసంలో "ఇట్ బాగుల్స్ ద మైండ్" కూడా ఉందన్నారు కదా, అక్కడ విషయం కర్త. "ఊహను మొరాయింపజేస్తుంది" అని ప్రేరణార్థకం చేయబోకండి, వినడానికి వికారంగా ఉంటుంది. కర్తను తిప్పేసి "దాని ముందు ఊహ ఆగిపోతుంది" అని రాయండి. ఒకే మాట రెండుసార్లు రాకుండానూ ఉంటుంది.

అక్షరతూలిక:

"ఇక్కడ ఊహ మొరాయిస్తుంది" పెట్టేశాను. రెండోచోట "ఊహ ఆగిపోతుంది". బ్యాంకర్లు జంకారు.